మన కాలనీ గాలి సంగతి నలుగురికీ తెలిసేలా చేయడం ఎలా? డైరీ నుంచి ఫిర్యాదు దాకా

"ఏ సెన్సర్ కొనమంటారు?" గాలి గురించి రాసినప్పుడల్లా పాఠకులు ముందుగా అడిగేది ఇదే. సెన్సర్ కొనడం ఈ పనిలో నాలుగో అడుగు. ముందున్న మూడూ దాటేసి కొన్న సెన్సర్ కొన్నాళ్లు వాట్సాప్ గ్రూపులో భయం పుట్టిస్తుంది, ఆ తర్వాత మూలన పడుతుంది.

మన వీధిలో ఏ వేళకు గాలి పాడవుతోంది? ఎక్కడి పొగ వల్ల? ఆ వేళలో ఎవరు ఏం చేయాలి? కాలనీలో ఎవరిని అడిగినా ఈ మూడింటికీ జవాబు రావాలి. పని ఫలించిందో లేదో నేను చూసుకునే కొలత అదే.

మొదలుపెట్టడానికి అక్టోబర్ మంచి నెల. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు నేల త్వరగా చల్లబడుతుంది. పైన వెచ్చని గాలి మూతలా నిలిచి, పొగ పైకి లేవకుండా ఇళ్ల ఎత్తులోనే పరుచుకుంటుంది. ఆ నాలుగు నెలలకు సిద్ధంగా ఉండాలంటే దసరా నాటికి బృందం కుదరాలి.

1. అయిదుగురు మనుషులు, ఒకే ప్రశ్న

పెద్ద కమిటీ వద్దు. అయిదుగురు చాలు. తెల్లవారుజామున నడకకు వెళ్లేవారు ఒకరు, రాత్రి పొద్దుపోయి ఇంటికి చేరేవారు ఒకరు, స్కూల్ టీచర్ ఒకరు, ఎక్సెల్ వచ్చిన కుర్రాళ్లు ఎవరైనా ఒకరు. అయిదో మనిషి విషయంలో నాది గట్టి పట్టు: సఫాయి కార్మికులో, వాచ్‌మనో కచ్చితంగా ఉండాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏది కాలుతోందో వాళ్లకు తెలిసినంతగా అసోసియేషన్ ప్రెసిడెంట్‌కు తెలియదు.

తర్వాత ఒక ప్రశ్న రాసుకోండి. "మా కాలనీలో కాలుష్యం ఎంత?" అన్నది మరీ పెద్దది, దాంతో ఏ పనీ సాగదు. ఇలా ఉండాలి:

- నీళ్ల ట్యాంకు వెనక ప్లాటులో చెత్త కాల్చినప్పుడు పొగ ఏ వీధులకు చేరుతోంది?
- స్కూల్ వదిలే వేళ గేటు దగ్గర గాలి ఎలా ఉంటోంది?
- రాత్రి వచ్చే ఘాటు వాసన ఏ రోజుల్లో, ఏ వైపు నుంచి వస్తోంది?

మొదటి సీజన్‌కు చెత్త కాల్చడాన్ని ఎంచుకోమని నా సలహా. ఇది కాలనీ తన చేతులతో ఆపగలిగిన పని. ఫ్యాక్టరీతోనో, హైవేతోనో మొదలుపెడితే ఫలితం కనిపించేలోపే బృందం చెదిరిపోతుంది.

2. రెండు వారాల డైరీ

పరికరం లేకుండా, ముక్కుతోనూ కంటితోనూ చేసే పని ఇది. ప్రతి నమోదులో ఆరు విషయాలు ఉండాలి: తేదీ, సమయం, చోటు, ఏం కనిపించింది లేదా ఏ వాసన వచ్చింది, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎంతసేపు ఉంది.

నమూనా: "నవంబర్ 12, రాత్రి 9:40, నీళ్ల ట్యాంకు వెనక ప్లాటు, ప్లాస్టిక్ కాలిన వాసన, గాలి పడమర నుంచి, పొగ మూడో వీధి వైపు, 25 నిమిషాలు."

గాలి దిశకు వాతావరణ యాప్‌ను నమ్ముకోకండి. అది ఊరంతటికీ కలిపి చెప్పే లెక్క. డాబా మీద ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో చూస్తే మీ వీధి గాలి తెలిసిపోతుంది.

పొగ లేని రోజులు కూడా రాయండి. "ఈ రోజు ఏమీ లేదు" అన్న నమోదు లేకపోతే ఎవరూ చూడలేదా, నిజంగానే పొగ లేదా అన్నది తర్వాత తేలదు. చాలా డైరీలు దెబ్బతినేది ఇక్కడే.

రెండు వారాలయ్యాక కాలనీ మ్యాప్ గీసి, పొగ చోట్లకు ఎర్ర చుక్కలు పెట్టండి. ఒకే చోట చుక్కలు గుంపుగా పడితే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

3. సర్కారీ లెక్కలు చదవడం

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే సీపీసీబీ, నడిపే సమీర్ యాప్‌లో మీకు దగ్గరి స్టేషన్ వెతకండి. సీపీసీబీ పోర్టల్‌లో అయితే గంట గంటకూ వచ్చిన పాత రీడింగులు కూడా దింపుకోవచ్చు. హైదరాబాద్ చుట్టూ సనత్‌నగర్, జూ పార్క్, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీ స్టేషన్లు చాలా ఏళ్లుగా ఉన్నాయి.

స్టేషన్ ఎక్కడ నిలబడి ఉందో తప్పకుండా చూసుకోండి. సెంట్రల్ యూనివర్సిటీ స్టేషన్ చెట్ల మధ్య, విశాలమైన క్యాంపస్‌లో ఉంది. ఆ అంకె లింగంపల్లి మెయిన్ రోడ్డుకు వర్తించదు. స్టేషన్ అంకెను మీ వీధికి తెచ్చి అతికించకండి. ఊరి గాలి మొత్తం మీద మెరుగవుతోందో, పాడవుతోందో తెలుసుకోవడానికి వాడుకోండి.

2015 నుంచి అమలులో ఉన్న మన జాతీయ గాలి నాణ్యత సూచీని, అంటే ఏక్యూఐని, ఎనిమిది కాలుష్యాల ఆధారంగా లెక్క కడతారు. వాటిలో ఒక్కోదానికి విడిగా ఒక అంకె కడతారు, అన్నిటికంటే పెద్ద అంకే ఆ రోజు ఏక్యూఐ అవుతుంది. సన్నని ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు అనే లెక్కలో, 24 గంటల సగటు మీద మెట్లు ఇలా ఉంటాయి:

- 30 వరకు: మంచిది, ముదురాకుపచ్చ
- 31 నుంచి 60: సంతృప్తికరం, లేతాకుపచ్చ
- 61 నుంచి 90: మధ్యస్థం, పసుపు
- 91 నుంచి 120: బాగోలేదు, నారింజ
- 121 నుంచి 250: చాలా బాగోలేదు, ఎరుపు
- 250 దాటితే: తీవ్రం, ముదురెరుపు

"సంతృప్తికరం" అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి. మన దేశ ప్రమాణం రోజు సగటు 60 దాకా అనుమతిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన రోజు పరిమితి 15. ఆస్తమా ఉన్న బిడ్డకు లేతాకుపచ్చ రోజు కూడా హాయిగా ఉంటుందన్న హామీ లేదు.

4. సెన్సర్: కొనడం, బిగించడం, సరిచూడటం

కొన్ని వేల రూపాయల్లో దొరికే సెన్సర్లు లేజర్ కాంతి ధూళి కణాల మీద పడి ఎంత చెదిరిందో చూసి అంచనా వేస్తాయి. వాటి లోపల సాధారణంగా ఉండేది ప్లాంటవర్ పీఎంఎస్5003, నోవా ఎస్‌డీఎస్011 వంటి మాడ్యూల్. ఏ బ్రాండ్ అన్నదానికంటే ఈ మూడు ప్రశ్నలు ముఖ్యం: గంట గంటకూ వచ్చిన రీడింగులు ఫైలుగా బయటికి తీసుకోవచ్చా? తేమ శాతం కూడా చూపిస్తుందా? ఇంటర్నెట్ లేనప్పుడు లెక్కలు దాచుకుంటుందా?

ఒకటి కొనేకంటే రెండు కొనండి. ఒక్కటే ఉంటే అది పాడైన సంగతి మీకు చెప్పేవారుండరు.

బిగించే ముందు చూసుకోవాల్సినవి:

- మనిషి తలకంటే కాస్త పైన, రెండు మూడు మీటర్ల ఎత్తులో
- ఎండ, వాన తగలని చోట, గాలి మాత్రం ధారాళంగా ఆడేలా
- వంటింటి చిమ్నీకి, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు, జనరేటర్‌కు దూరంగా
- ఊదుబత్తి, దోమల చక్రం వెలిగించే గదికి ఆనుకుని ఉండకూడదు
- నెలకోసారి గాలి పోయే రంధ్రాలను మెత్తని బ్రష్‌తో తుడవగలిగే చోట

బిగించే ముందు సెన్సర్లన్నిటినీ ఒక వారం పక్కపక్కనే ఒకే చోట నడపండి. రెండింటి అంకెలూ కలిసి ఎక్కి, కలిసి దిగుతుంటే సరే. ఒకటి ఎప్పుడూ పైనే ఉంటే తేడా ఎంతో రాసుకుని లెక్కల్లో సరిచేయండి. వీలుంటే సర్కారీ స్టేషన్ దగ్గర్లో ఉండే స్నేహితుల ఇంట్లో మరో వారం పెట్టి ఆ రీడింగులతో పోల్చండి. ఈ రెండు వారాలకు ఓపిక పట్టని బృందం ఆ తర్వాత ఏడాదంతా "మీ మిషన్ కరెక్టేనా?" అన్న ప్రశ్నకు తడుముకోవాల్సి వస్తుంది.

తేమ సంగతి వేరేగా చెప్పాలి. పొగమంచు పట్టిన ఉదయం కణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. లేజర్ వాటిని పెద్దవిగా చూస్తుంది, అంకె ఉన్నదానికంటే పైకి పోతుంది. తేమ 85 శాతం దాటిన గంటల పక్కన ఒక గుర్తు పెట్టండి. ఆ గంటలను పట్టుకుని ప్రచారం చేయకండి.

ఇంకో రెండు పరిమితులు. ఈ సెన్సర్లు ముతక దుమ్మును సరిగా పట్టుకోలేవు కాబట్టి కట్టడాల దుమ్ము మీద వీటి పీఎం 10 (ముతక దుమ్ము కూడా కలిసిన లెక్క) అంకెను నమ్మకండి. ఎస్‌డీఎస్011 లేజర్ ఆయుష్షు దాదాపు 8,000 గంటలు. ఆపకుండా నడిపితే ఏడాది కూడా రాదు. అయిదు నిమిషాలకోసారి మేల్కొని కొలిచేలా పెట్టుకుంటే చాలాకాలం వస్తుంది.

5. అంకెలు పంచుకునే ముందు

వాట్సాప్ గ్రూపుల్లో గొడవలకు అసలు కారణం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. ఒకే ఉదయం, ఒకే ఊరు. ఒక యాప్ 100 అంటుంది, ఇంకోటి 150 దాటిందంటుంది. రెండూ అబద్ధం చెప్పడం లేదు. పీఎం 2.5 సగటు 60 ఉంటే మన జాతీయ కొలమానంలో ఏక్యూఐ 100, అమెరికా కొలమానంలో 150కి పైనే. చాలా ప్రైవేటు యాప్‌లు అమెరికా కొలమానం వాడతాయి.

అందుకే కాలనీకి ఒక నియమం పెట్టుకోండి: ఏక్యూఐని పక్కనపెట్టి పీఎం 2.5 మైక్రోగ్రాములే చెప్పాలి, అది గంట సగటో, రోజు సగటో పక్కనే రాయాలి.

చెత్త కాలినప్పుడు పది నిమిషాలు 300 చూపిస్తే దాన్ని "తీవ్రం" అని ప్రకటించకూడదు. పై మెట్లన్నీ 24 గంటల సగటుకు పెట్టినవి. "రాత్రి 9 నుంచి 10 దాకా గంట సగటు 140, మామూలుగా ఆ వేళకు 55 ఉంటుంది" అనండి. ఇది భయపెట్టదు, అయినా విన్నవారు లేచి బయటికి చూస్తారు.

6. రోజూ మారే బోర్డు

ర్యాలీ ఒక రోజుతో అయిపోతుంది. పాల బూత్ పక్కన ఒక బోర్డు పెట్టి రోజూ మారిస్తే వంద రోజులు మాట్లాడుతుంది. అమెరికాలో కొన్ని స్కూళ్లు ఆ రోజు గాలిని బట్టి రంగు జెండా ఎగరేస్తాయి. ఆ పద్ధతి మన స్కూళ్లకూ చక్కగా కుదురుతుంది, రంగులు మాత్రం పైన రాసిన మనవే వాడండి.

బోర్డు మీద మూడు వాక్యాలు మించకూడదు. నమూనా:

- నిన్నటి 24 గంటల సగటు పీఎం 2.5: 72, మధ్యస్థం
- పొగ ఎక్కువున్న వేళ: రాత్రి 8 నుంచి 10
- ఈ రోజు: సాయంత్రం 7కే కిటికీలు మూయండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు నడక ఉదయం 9 తర్వాత పెట్టుకోండి

మూడో వాక్యం లేని బోర్డు పెట్టకండి. ఏం చేయాలో చెప్పకుండా రోజూ అంకె చూపిస్తే పది రోజుల్లో దాని వైపు చూసేవారుండరు.

బోర్డు మార్చే బాధ్యత ఇద్దరికి వంతుల వారీగా ఇవ్వండి. పాత తేదీ ఉన్న బోర్డు కంటే ఖాళీ బోర్డు నయం.

7. ఎవరికి ఏం చెప్పాలి

అందరినీ కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే మీటింగ్ వల్ల నాకు పెద్ద ప్రయోజనం కనిపించలేదు. మనుషులు ఉన్న చోటికే వెళ్లి, వాళ్లకు పనికొచ్చే ఒక్క మాట చెప్పండి.

ఉదయపు నడక వారికి: చలికాలంలో తెల్లవారుజాము గాలి స్వచ్ఛమైనదన్న నమ్మకం మన ఊళ్లలో పాతుకుపోయింది. మీ సెన్సర్ గంటల గ్రాఫ్ చూపించండి. పొద్దెక్కాక అంకె దిగడం వాళ్లే చూస్తారు.

స్కూల్‌కు: తెల్ల అట్టముక్కల మీద వ్యాజిలీన్ పలచగా పూసి, గేటు దగ్గర ఒకటి, ఆటస్థలంలో ఒకటి, తరగతి గదిలో ఒకటి వేలాడదీయించండి. వారానికి ఏ అట్ట ఎంత నల్లబడిందో పిల్లలే పోల్చి చెబుతారు. ఇది చూపించడానికే, కొలవడానికి కాదన్నది వాళ్లకు ముందే చెప్పండి. గేటు దగ్గర బస్సులు, ఆటోలు ఇంజన్ ఆపి నిలపాలన్న మాట పిల్లల నోట వస్తే డ్రైవర్లు వింటారు.

సఫాయి కార్మికులకు: "ఎందుకు కాలుస్తున్నారు?" అని మొదలుపెట్టకండి. ఆకులు ఎత్తే బండి రాకపోతే వాళ్లకు వేరే దారి లేదు. బండి ఏ రోజు వస్తుందో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి తేల్చి, పార్కు మూలలో ఆకుల ఎరువు గుంత తవ్వించాక అప్పుడు అడగండి. ఊడ్చేటప్పుడు వాడటానికి ఎన్95 మాస్కులు అసోసియేషన్ ఖర్చుతో ఇవ్వండి. ముక్కుకు కట్టుకునే గుడ్డ సన్నని ధూళిని ఆపదు.

ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు: బోర్డు ఫొటో రోజూ పంపండి. ఉబ్బసం ఉన్నవారు ఏ ఇంట్లో ఉన్నారో వాళ్లకు తెలుసు. ఆ పేర్లు మాత్రం మీరు అడగకూడదు.

ఇస్త్రీ బండి బొగ్గుల మీద, టిఫిన్ బండి కట్టెల మీద మొదటి ఏడాది పడకండి. చిన్న బతుకుల మీద మొదలైన ఉద్యమానికి వీధిలో మద్దతు రాదు, రాకూడదు కూడా.

8. భోగికి ముందే

చలికాలమంతటిలో అందరూ వినే అవకాశం భోగి. "మంటలు వేయకండి" అంటే ఎవరూ వినరు, అలా అనాల్సిన పనీ లేదు. పది రోజుల ముందు నుంచి మూడు మాటలు చెప్పండి: వీధికి ఒక్క మంట; కట్టెలూ పిడకలే వాడాలి; టైర్లు, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్క వద్దు. పాత టైర్లు, కుర్చీలు ముందురోజే ఒక చోట పోగు చేయించి మున్సిపాలిటీ బండి ఎక్కించండి. మర్నాడు గంటల గ్రాఫ్ బోర్డు మీద అతికించండి.

9. ఫిర్యాదు రాయడం

ఒక ఫిర్యాదులో ఒకే చోటు, మూడు తేదీలు, తేదీ సమయం పడ్డ ఫొటోలు, ఒకే కోరిక. నమూనా:

"ఫలానా ప్లాటులో నవంబర్ 12, 15, 19 తేదీల రాత్రి 9, 10 గంటల మధ్య చెత్త తగలబెట్టారు. ఫొటోలు జత చేశాం. ఆ వేళ గస్తీ పెట్టి, చెత్త బండి రోజూ వచ్చేలా చూడగలరు."

- చెత్త కాల్చడం: మున్సిపాలిటీ లేదా పంచాయతీకి. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో ఆదేశించింది. ఆ మాట ఫిర్యాదులో రాయండి.
- కట్టడాల దుమ్ము: మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగానికి. మట్టి, ఇసుక కప్పి ఉంచాలని, నీళ్లు చల్లాలని కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలోనే నోటిఫికేషన్ ఇచ్చింది.
- ఫ్యాక్టరీ పొగ, వాసన: రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే పీసీబీ, ప్రాంతీయ కార్యాలయానికి.

రసీదు నంబర్ లేకుండా ఫిర్యాదు ఇచ్చినట్టు లెక్క కాదు. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: తనిఖీ చేశారా, నివేదిక ఏది, ఫ్యాక్టరీకిచ్చిన అనుమతి షరతులేమిటి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

మీ సెన్సర్ అంకెను సాక్ష్యంగా ముందుకు తోయకండి. 1981 వాయు చట్టం ప్రకారం కోర్టులో నిలబడే నమూనా పీసీబీ అధికారులు నిర్ణీత పద్ధతిలో తీసిందే. ఏ వేళకు వచ్చి తీయాలో వాళ్లకు చెప్పడమే మీ అంకె పని.

10. వాసన వస్తోంది, బోర్డు ఆకుపచ్చే చూపిస్తోంది

హైదరాబాద్ చుట్టూ పారిశ్రామికవాడలున్న జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు వాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. రసాయనాల ఆవిరి ధూళి కాదు కాబట్టి లేజర్ సెన్సర్‌కు కనిపించదు. ద్రావకాల ఆవిరి ఏక్యూఐ ఎనిమిదింటిలోనూ లేదు. సమీర్ యాప్ ఆకుపచ్చగా ఉందంటే మీ ముక్కు తప్పని అర్థం కాదు. ఇలాంటి రాత్రుల్లో బోర్డు మీద "ధూళి తక్కువ, రసాయన వాసన ఉంది" అని విడిగా రాయండి.

ఇక్కడ డైరీయే ఆయుధం. తమిళనాడు కడలూరు సిప్కాట్ పారిశ్రామికవాడ పక్క ఊళ్ల జనం తమకు తెలిసిన వాసనలతో పోల్చి నమోదు చేసుకుంటూ వచ్చారు, 2004లో బకెట్‌లో సంచి అమర్చి చేసిన సాదా పరికరంతో గాలి నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపి రసాయనాల పేర్లు బయటపెట్టారు. ల్యాబ్ పరీక్ష ఖర్చుతో కూడినది. డైరీలో ఏ రాత్రి, ఏ గంట అన్నది స్థిరపడ్డాకే దాని జోలికి వెళ్లండి.

మీరూ అలాగే "కుళ్లిన గుడ్డు", "గోళ్ల రంగు", "కుళ్లిన క్యాబేజీ" అని రాయండి. "భయంకరమైన వాసన" అంటే అధికారికి ఏమీ తెలియదు. వాసన వచ్చిన నిమిషంలోనే పీసీబీకి ఫోన్ చేయండి, తెల్లవారితే దొరికేదేమీ ఉండదు. ఫ్యాక్టరీ ఆవరణలోకి మాత్రం అడుగు పెట్టకండి.

11. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే తీరు

"వానలు పడ్డాక అంకె తగ్గింది, మేం గెలిచాం." వానాకాలంలో అంతటా తగ్గుతుంది. మీ సెన్సర్ రోజు సగటులోంచి దగ్గరి సర్కారీ స్టేషన్ సగటును తీసేయండి. ఆ తేడా నెల నెలకూ తగ్గుతుంటే అప్పుడు మీ కృషి పనిచేస్తోంది. స్టేషన్ కూడా సమానంగా తగ్గితే అది వాతావరణం చేసిన పని.

ఒక ఇంటి పేరు గ్రూపులో పెట్టడం. వెంటనే తీసేయండి. చోటు చెప్పండి, మనిషిని చెప్పకండి. ఫొటోల్లో ముఖాలు, బండి నంబర్లు చెరిపేయండి.

"ఈ పొగ వల్లే మా అబ్బాయికి జబ్బు" అని రాయడం. ఆ తల్లి బాధ నిజమే కావచ్చు, కానీ కారణం తేల్చాల్సింది డాక్టర్. ఫిర్యాదులో పొగ వచ్చిన సమయాలు మాత్రమే ఉంచండి.

సెన్సర్ అంకె ఒక్కసారిగా ఎగబాకి అక్కడే నిలిచిపోతే ముందు సాలెగూడు, పురుగు కోసం చూడండి. తర్వాత దాన్ని రెండో సెన్సర్ పక్కన ఒక రోజు పెట్టండి.

12. మార్చిలో చేయాల్సినవి

- నాలుగు నెలల లెక్కలు, డైరీ ఒకే ఫైలులో దాచి, ఇద్దరి దగ్గర కాపీ ఉంచడం
- ఎర్ర చుక్కల మ్యాప్ మళ్లీ గీసి పాతదాని పక్కన పెట్టడం
- జవాబు రాని ఫిర్యాదుల జాబితా నంబర్లతో వార్డు కార్యాలయంలో ఇవ్వడం
- సెన్సర్లు మళ్లీ ఒక వారం పక్కపక్కన నడిపి తేడా చూడటం
- ఆకుల ఎరువు పార్కు మొక్కలకు వేయించి, ఎండాకాలం రాలే ఆకులకు గుంత ఖాళీగా ఉంచడం
- వచ్చే అక్టోబర్‌కు కొత్త ప్రశ్న ఒకటి, కొత్త మనుషులు ఇద్దరు